టీకా పట్టిందన్న మాట

వెల్లుల్లి వాసన తగిలితే నాకు ఇప్పటికీ ముందు కోపం వస్తుంది. ఆకలి ఆ తరవాత. మొన్న ఇక్కడ సౌదీలో, దమ్మామ్‌లో మా ఇంటి దగ్గర కూరగాయల కొట్టుకు వెళ్తే, ఒక పెద్దమనిషి వెల్లుల్లి పాయలు ఒక్కొక్కటే తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తున్నాడు. భుజం మీద తువ్వాలు, కింది పెదవి కాస్త ముందుకు. ఆయనే అనుకున్నాను. ఆయన పోయి ఏడాది దాటిందని తెలిసి కూడా, "ఏం బాబాయ్, ఇంకా బుద్ధి రాలేదా" అని అడగడానికి నోరు తెరిచాను. ఆ మనిషి ఇటు తిరిగాడు. ఎవరో బంగ్లాదేశ్ ఆయన. నేను టమాటాలు తీసుకుని వచ్చేశాను.

ఆయన పేరు రాయను. మంచి పేరే, పిలవడానికి బాగుంటుంది కూడా. కానీ దాన్ని అచ్చులో పెట్టేంత కోపం ఇంకా తగ్గలేదు.

నేను ఇక్కడ ఒక ఆసుపత్రిలో క్యాన్సర్ విభాగంలో నర్సును. మాది ఒంగోలు పక్క. ఆయనది జగిత్యాల వైపు అనుకోండి. ఇక్కడ ఊరి బయట లేబర్ క్యాంపులో మెస్సు వంటమనిషి. బిహార్ వాళ్లకు, పాకిస్తాన్ వాళ్లకు, మనవాళ్లకు, అందరికీ ఒకే పొయ్యి మీద వండి అందరిచేతా ఫరవాలేదనిపించుకున్న మనిషి. ఒక మూత్రపిండంలో కణితి వస్తే మా దగ్గరే తీసేశారు. మొదటిసారి నేను బాబాయ్ అని పిలిచినప్పుడు, "మా దిక్కు కాకా అంటరు. బాబాయ్ అంటె సీన్మల పిలిసినట్టున్నది" అని నవ్వాడు. ఆ తరవాత నేను కాకా అంటే మాత్రం ఒప్పుకోలేదు. సినిమా పిలుపే కావాలన్నాడు.

ఆయన కొలమానం ఒక్కటే, జర. ఉప్పు జర, నీళ్లు జర, నొప్పి జర. ఆపరేషన్ అయిన మర్నాడు నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుందో చెప్పమంటే చాలాసేపు ఆలోచించి "జర" అన్నాడు. అంకె చెప్పాలి బాబాయ్ అంటే, "అంకెల ఏమున్నది బిడ్డా, జరంటె జరనే" అన్నాడు. పక్క మంచం సౌదీ ముసలాయనకు ఆ మాట నచ్చి ఆయన కూడా జర, జర అనడం మొదలుపెట్టాడు. ఇద్దరికీ అంతకు మించి భాష కలవలేదు, అయినా ఒకరినొకరు చూసుకుని తెగ నవ్వుకునేవారు.

ఎవరి దగ్గరికీ ఉత్త చేతులతో వచ్చేవాడు కాదు. ఆసుపత్రికైనా సరే. నాకోసం ఒక స్టీలు డబ్బా తెచ్చేవాడు. సర్వపిండి, లేకపోతే పచ్చిపులుసు, ఏది తెచ్చినా పక్కన ఎల్లిగడ్డ కారం. మేము వెల్లుల్లి అంటాం, ఆయన ఎల్లిగడ్డ అనేవాడు. ఆ వాసన ఆయనకు ముందే గదిలోకి వచ్చేది. బాబాయ్, మీరు లిఫ్టు ఎక్కితే మాకు పై అంతస్తులో తెలిసిపోతుంది అని ఏడిపించేదాన్ని.

డబ్బా ఇచ్చి వెళ్లిపోయేవాడు కాదు. నేను ఒక ముద్ద నోట్లో పెట్టుకునే దాకా అక్కడే నిలబడేవాడు. పనిలో ఉన్నాను, తరవాత తింటానంటే వినేవాడు కాదు. ఆ ఒక్క ముద్దా తినేటప్పుడు డబ్బా వైపు చూడడు, నా ముఖం చూస్తాడు. ఎందుకలా చూస్తారని ఒకసారి అడిగాను.

"మొదటి ముద్దకు మొఖం సూడాలె బిడ్డా. రెండో ముద్దకెల్లి మర్యాద షురువైతది. అప్పుడు ఎవ్వలూ నిజం జెప్పరు."

మెస్సులో కూడా వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడేవాడట. ఎవరి ముఖమైనా వాడితే మాట్లాడకుండా వెళ్లి ఒక చెంచా ఎల్లిగడ్డ కారం కంచం పక్కన పెట్టేవాడట. కూర కుదరలేదని ఏనాడూ ఒప్పుకోలేదు. జర ఎల్లిగడ్డ పడితే ఏ కూరకైనా పరువు నిలబడుతుందని ఆయన సిద్ధాంతం. అప్పుడు విని నవ్వాను.

మూత్రపిండం తీసినా ఆ జబ్బు మళ్లీ వస్తుందని డాక్టర్ల భయం. అప్పుడే మా దగ్గర ఒక కొత్త టీకా ట్రయల్ మొదలైంది. డాక్టరమ్మ ఈజిప్టు ఆవిడ. ఎవరి ఒంట్లోనైనా కణాల మీద ఒక రకం గుర్తు ఉంటేనే ఆ టీకా పనికొస్తుంది. రక్తం గ్రూపులాంటిదే, కానీ అది వేరు. ఆయనకు కలిసింది. వంటమనిషి, ఇక్కడ ఉండనిచ్చే అకామా కార్డు కంపెనీ చేతిలో, మధ్యలో ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇండియాకు పంపేస్తే ఎలా అని ఆవిడ వెనకాడింది. నేనే కంపెనీ ముదీర్‌తో, అంటే మేనేజరుతో, మాట్లాడి, ట్రయల్ అయ్యేదాకా ఉంచుతామని రాయించుకుని, ఆయన్ను అందులో చేర్పించాను. ఎంత తిరిగానో ఆయనకు తెలుసు.

టీకా సంగతి తెలుగులో చెప్పే పని నాదే అయింది. కణితి ఒంటి మీద ఉండే మాంసకృత్తుల్లోంచి చిన్న తునకలు ఎంచుకుంటారు బాబాయ్, పెప్టైడ్లు అంటారు, వాటిని బయట తయారుచేసి చర్మం కింద ఎక్కిస్తారు అని చెప్పాను. ఆ మందు తనంతట తాను క్యాన్సర్‌ను చంపదు. మన ఒంట్లో కాపలా కాసే కణాలకు ఆ తునకను చూపిస్తుంది. అవి దాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటే, అలాంటి తునకే ఉన్న క్యాన్సర్ కణం ఎక్కడ దాక్కున్నా వెతికి పట్టుకుంటాయని ఆశ. ఆయన బుర్ర గోక్కుని అన్నాడు.

"అంటె దొంగ అంగీ పీలిక తీస్కచ్చి కుక్కకు వాసన సూపెట్టుడు."

అది ఇంగ్లీషులో చెబితే డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. తరవాత ప్రతి రోగికీ ఆవిడ అదే చెప్పేది. పనిచేస్తుందని హామీ లేదని, పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికే ఇదంతా అని కూడా చెప్పాం. సూది వేసిన చోట ఎర్రబడి గట్టిపడొచ్చు, ఒళ్లు గమనించిందనడానికి అదొక సూచన, అంతే, అసలు సంగతి రక్త పరీక్షలో తెలుస్తుంది అంది ఆవిడ. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అందులో సగమే విన్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, చిన్నప్పుడు మశూచికి వేసిన టీకా మచ్చలు చూపించాడు.

"పొక్కి పుండు వడితేనే పట్టినట్టు. మా తమ్మునికి పట్టకపాయె. బడిల అందరి ముంగట మల్ల పొడిసిన్రు. సిగ్గుతోని వాడు రెండు దినాలు బువ్వ తినలే."

ఆ టీకా వేరు, ఇది వేరు అన్నాను. గట్లనా అన్నాడు.

మందు కలపడం ఆయనకు మహా ఇష్టమైన దృశ్యం. ఆ తునకలు కరిగిన నీళ్లనూ, ఒక రకం నూనెనూ రెండు సిరంజిల్లోకి తీసి, రెంటినీ కలిపి బిగించి, అటూ ఇటూ నెట్టి నెట్టి తెల్లగా చిలుకుతారు. చిలికాక ఒక చుక్క నీళ్లలో వేసి చూస్తారు. విడిపోతే ఇంకా చిలకాలి. చెదరకుండా పూసలా నిలిస్తే సరిగ్గా కలిసినట్టు. గాజు కిటికీలోంచి అది చూసి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అరిసెలకు బెల్లం పాకం చూసేది అచ్చం అలాగే అన్నాడు. అప్పటినుంచి సూదికి వచ్చినప్పుడల్లా "పాకం అచ్చిందా బిడ్డా?" అనే అడిగేవాడు. మందు గదిలో ఉన్న ఫిలిప్పీన్స్ అమ్మాయి కూడా పాకం అనడం నేర్చుకుంది.

మొదటి సూది తరవాత చెయ్యి చూపించడానికి వచ్చాడు. చొక్కా మడిచి చూశాను. ఏమీ లేదు, నున్నగా ఉంది. ఫరవాలేదు బాబాయ్, కొందరికి ఆలస్యంగా వస్తుంది అని నవ్వాను. ఆయనా నవ్వాడు. ఆ రోజు డబ్బా ఇచ్చాక ముద్ద తినేదాకా నిలబడలేదు, వెంటనే వెళ్లిపోయాడు. నాకది కొత్తగా అనిపించింది గానీ పట్టించుకోలేదు.

రెండోసారి చెయ్యి ఎర్రగా కందిపోయి వచ్చింది. ముట్టుకుంటే వేడి, చుట్టూ వాపు. నొప్పిగా ఉందా అంటే జర అన్నాడు. నేను స్కేలు పెట్టి కొలిచాను, ఫొటో తీశాను, డాక్టరమ్మను కేకేసి మరీ చూపించాను. ఆవిడ తొందరపడొద్దని అంటూనే తనూ సంతోషపడింది. ఆ తరవాత ప్రతిసారీ అంతే. చెయ్యి మార్చి వేస్తే ఆ చెయ్యీ ఎర్రబడేది. మా విభాగంలో అంత బాగా కందిన చెయ్యి ఇంకొకటి లేదు. నా సొంత బిడ్డకు బహుమతి వచ్చినట్టు తిరిగాను నేను.

ఒకరోజు ఫోన్ తీసి నా చేతికిచ్చాడు. అవతల ఆయన భార్య. నువ్వు జెప్పు బిడ్డా, నేను జెప్తె నమ్మది అన్నాడు. ఎందుకు నమ్మదంటే ఆమే చెప్పింది. మొదటిసారి గల్ఫ్‌కు వచ్చినప్పుడు ఎడారిలో ఒంటెల దగ్గర పడుకుంటూ, ఇంటికి మాత్రం ఏసీ రూములో ఉన్నానని చెప్పాడట. అది మొదలు ఆయన బాగున్నానంటే ఆమెకు భయమేనట. "నువ్వు దవఖానదానివి. పట్టిందా బిడ్డా? పట్టకుంటె ఇంటికి రమ్మను. ఎన్ని పొద్దులుంటె అన్ని పొద్దులు నా కండ్ల ముంగట ఉంటడు" అంది.

"పట్టింది పిన్నీ. చెయ్యి నేనే చూశాను," అన్నాను.

 అయితే అక్కడే ఉండి పూర్తి చేయించుకొమ్మని చెప్పమంది ఆమె. ఆయన నా పక్కనే కుర్చీ అంచున కూర్చుని తువ్వాలు మడతపెడుతున్నాడు. ఏమందని కూడా అడగలేదు.

తరవాత తీసిన స్కాన్‌లో ఊపిరితిత్తి మీద ఒక చిన్న మచ్చ కనపడింది. టీకాలతో ఒక్కోసారి చిక్కు ఉంటుంది. కాపలా కణాలు వచ్చి మూగడం వల్ల కూడా మచ్చ పెద్దదిగా కనపడొచ్చు, తరవాత తగ్గొచ్చు. జబ్బే పెరుగుతూనూ ఉండొచ్చు. డాక్టరమ్మ టీకా ఆపేసి వేరే మందు మొదలుపెడదామంది. నేను అడ్డం పడ్డాను. చేతులు చూడండి, అంత బాగా స్పందిస్తున్న మనిషికి ఇప్పుడు ఆపితే ఎలా అని వాదించాను. ఫొటోలు ముందు పెట్టాను. ఆవిడ ఇంకో స్కాన్ దాకా ఆగుదామంది.

రక్త పరీక్షలు అందరివీ కలిపి వేరే దేశం పంపిస్తారు, ఫలితం ఆలస్యంగా వస్తుంది. వచ్చింది. ఆయన రక్తంలో కాపలా కణాలు ఆ తునకను గుర్తుపట్టిన జాడే లేదు. అంగీ పీలిక చూపించాం, కుక్క లేవనేలేదు. నేను ఒప్పుకోలేదు. నమూనాలు తారుమారై ఉంటాయన్నాను. ఆయన ఆ రోజే సూదికి వచ్చాడు, కావాలంటే చూడండి అని డాక్టరమ్మను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లినంత పని చేశాను.

ఆవిడ ఈసారి భూతద్దం పెట్టి చూసింది. చర్మం పైపొర ఊడుతోంది. లోపల గట్టిదనం లేదు. ఎరుపు అంచులు గుండ్రంగా కాకుండా, గుడ్డ మడిచి కట్టినట్టు నాలుగు పలకలుగా ఉన్నాయి. "ఇది టీకా వల్ల వచ్చింది కాదు, కాలిన గాయం" అంది. ఎలా కాలుతుందని నేను ఆవిడ మీదికే వెళ్లాను. వెళ్తూనే ఆయన చొక్కా చెయ్యి ఇంకాస్త పైకి లాగాను. మడత లోపల, చెమటకు అతుక్కుని, పలుచటి గులాబీరంగు పొట్టు ఒకటి కనపడింది. నేను వంట చేసుకునే మనిషిని. అదేమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పచ్చి వెల్లుల్లి నూరి చర్మం మీద కట్టి ఉంచితే ఏమవుతుందో మా అమ్మమ్మ కూడా చెప్పగలదు. ఆయన దగ్గర ఆ వాసన వస్తే ఇన్నాళ్లూ నేనే నవ్వాను.

డాక్టరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఫొటోలన్నీ పక్కన పెట్టమని మాత్రం చెప్పి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"ఎందుకు చేశారు బాబాయ్?" అన్నాను.

"పెద్ద డాక్టరమ్మ కోపమైందా?"

"ఆవిడ సంగతి వదిలేయండి. నాకు చెప్పండి."

తువ్వాలు ఒళ్లోకి తీసుకున్నాడు. "మొదలు వచ్చిననాడు నా చెయ్యి సూసి నవ్వినవు. నవ్వక ముంగట నీ మొఖం ఎట్లైందో నేను సూసిన. మొదటి ముద్ద మొఖం అది. గంత తిప్పలవడి నన్ను జేర్పిస్తివి. పట్టలేదంటె నీకు మాటస్తదనుకున్న."

"అంటే నా కోసం చేశారా?"

"జర నీ కోసం. జర నా కోసం. పట్టనోన్ని ఎందుకు ఉంచుకుంటరు బిడ్డా, ఎగ్జిట్ గొట్టి తోల్తరు గద."

"మరి పిన్నికి నా చేత ఎందుకు చెప్పించారు?"

"నేను జెప్తె నమ్మది గద," అన్నాడు. అదే సమాధానమన్నట్టు.

నాకు జాలి వేయలేదు. వేసిందని రాస్తే ఈ వ్యాసం అందంగా ఉండేదేమో గానీ, వేయలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా వైపు ఒక సామెత. పగవాడు మోసం చేస్తే నలుగురికీ చెప్పుకుని తిట్టుకోవచ్చు. డబ్బా నిండా సర్వపిండి పెట్టి తెచ్చేవాడు మోసం చేస్తే ఎవరికి చెప్పుకోవాలి? నా ముఖం చిన్నబోకూడదని నా మాటకు విలువ లేకుండా చేశాడు. కూర కుదరకపోతే జర ఎల్లిగడ్డ వేసినట్టు, తన ప్రాణం మీద కూడా అంతే వేశాడు. ఇవన్నీ ఆ రోజు ఆయనతో అన్నాను, ఇంకా ఎక్కువే అన్నాను. తల వంచుకుని విన్నాడు. చివరికి, కాలిన చోట మందు రాస్తుంటే, మంట పుడుతోందా అని అలవాటు కొద్దీ అడిగాను. జర అన్నాడు.

టీకా ఆపేశారు. వేరే మందు ఎక్కించారు. అప్పటికి ఆ మచ్చకు తోడు ఇంకొన్ని వచ్చాయి. ముందే మార్చి ఉంటే బతికేవాడని ఎవరూ చెప్పలేరు. బతికేవాడు కాదని కూడా చెప్పలేరు. డాక్టరమ్మ ఆ మాటే నాతో అంది, ఓదార్పు కోసం. నాకు అందులో రెండో సగమే వినపడింది.

కొన్నాళ్లకు నడవలేని స్థితి వచ్చి, తనే ఎగ్జిట్ అడిగి ఇంటికి వెళ్లిపోయాడు. వెళ్లే రోజు నాకు సెలవు. కౌంటర్ దగ్గర స్టీలు డబ్బా పెట్టి వెళ్లాడు. తెరిస్తే ఎల్లిగడ్డ కారం. చెత్తబుట్టలో పారేశానని రాస్తే గొప్పగా ఉంటుంది. పారేయలేదు, తిన్నాను. చాలా బాగుంది. అందుకే ఇంకా మండింది. మొదటి ముద్దకు నా ముఖం చూడ్డానికి ఆయన అక్కడ లేడు, అదొక్కటే నాకు దక్కిన గెలుపు.

ఇంటికి వెళ్లాక ఎక్కువ కాలం ఉండలేదు. దినాలన్నీ అయ్యాక ఆయన భార్య ఫోన్ చేసింది. ఏడుపు లేదు, గొంతు మామూలుగానే ఉంది. ముందు నా పిల్లల బాగోగులు అడిగింది. అప్పుడు అంది.

"ఆయన జెప్తె నేను నమ్మకపోదును బిడ్డా. నువ్వు జెప్పినవని నమ్మిన. ఇంటికి రమ్మన్నదాన్ని, నువ్వు పట్టిందనంగనే ఆడనే ఉండుమన్న. గన్ని నెలలు ఆడ ఉన్నడు. ఇంటికొచ్చినంక నాతోని నాలుగు ముచ్చట్లు పెట్టనీకె గూడ ఊపిరి లేకపాయె. నిజంగ పట్టిందా?"

నిజం నా నాలుక మీదే ఉంది. ఎన్నాళ్లుగానో ఎవరికైనా చెప్పాలని కాచుకుని ఉంది. చెబితే నేను బయటపడతాను. నేను అబద్ధం చెప్పలేదు పిన్నీ, మీ ఆయనే మనిద్దర్నీ మోసం చేశాడు అనొచ్చు. అప్పుడు ఆ నెలలన్నీ ఆయనే తన దగ్గర్నుంచి దొంగిలించాడని ఆమెకు తెలుస్తుంది. ఎల్లిగడ్డ నూరిన ప్రతిసారీ తెలుస్తుంది.

"పట్టింది పిన్నీ," అన్నాను. "జబ్బే దానికంటే పెద్దదైపోయింది."

అవతల పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు.

"అయితె ఉండుమన్నది తప్పు గాలేదు," అంది.

"తప్పు కాలేదు పిన్నీ."

పేరు రాయకపోవడానికి కోపం కారణమని మొదట్లో అన్నాను. అది సగమే. ఆమెకు చదువు వచ్చు. అందుకే ఊరు మార్చాను, వంటా జబ్బూ సూదీ, అన్నీ ఎంతో కొంత మార్చాను. ఆమె ఇది చదివినా ఇంకెవరిదో కథ అనుకుని పక్కన పెట్టాలి. బతికున్నప్పుడు ఆయన తన అబద్ధాన్ని నాకు తెలియకుండా నా నోటితో చెప్పించాడు. పోయాక తెలిసి తెలిసి చెప్పించాడు. మొదటిదాన్ని ఎప్పటికైనా క్షమిస్తానేమో.